అటకెక్కిన చల్లదనం

పనికిరాని వస్తువును అటకెక్కించడం మనకు అలవాటు. కానీ పాతకాలం ఇళ్లలో రోజంతా పనిచేసింది ఆ అటకే!

ఒక్కసారి గుర్తుచేసుకోండి. అమ్మమ్మగారి ఊళ్లో పెంకుటిల్లు. పైన బెంగళూరు పెంకులో, గూనపెంకులో. వాటి కింద వాసాలు, దూలాలు. వాటికీ గదికీ మధ్య చెక్కలు పరిచిన అటక. దాని మీద పెళ్లిళ్లకు మాత్రమే దించే గుండిగలు, ఖాళీ జాడీలు, కాలు విరిగిన కుర్చీ. వేసవి సెలవుల్లో పిల్లలు నిచ్చెన వేసుకుని అటకెక్కితే ఒళ్లంతా చెమటలు. ‘దిగండర్రా, ఉడికిపోతారు’ అని కింద నుంచి అమ్మమ్మ కేకలు. తీరా దిగితే, గది చల్లగా ఉండేది. పెంకుల్లోంచి దిగిన వేడి అటక దగ్గరే ఆగి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. పాత సామాన్లతో పాటు ఎండను కూడా అటకే మోసేదన్నమాట.

ఇప్పుడా అమ్మమ్మ పట్నంలో కొడుకు దగ్గర ఉంటోంది. ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. పైపోర్షన్. మే నెలలో రాత్రి పదకొండయినా కంటి మీద కునుకు రాదు. ‘ఆ ఫ్యాను ఆపరా, పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది’ అంటుంది. ‘ఈసారి ఏసీ పెట్టించేద్దాం అత్తయ్యా’ అంటుంది కోడలు. పెట్టించవచ్చు. కానీ దానికి ముందు ఇంటిల్లిపాదీ ఒకసారి తలెత్తి చూడాల్సింది పైకప్పును.

పగలు తాగి... రాత్రి కక్కి!

మండువేసవిలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందుకే గోడల కన్నా ఎక్కువ ఎండ కప్పు మీదే పడుతుంది. పాతబడి నల్లబారిన సిమెంటు గచ్చు తన మీద పడిన ఎండలో సుమారు ముప్పాతిక వంతు తాగేస్తుంది. బయట 42 డిగ్రీలున్న రోజున డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. చెప్పుల్లేకుండా బట్టలు ఆరేయడానికి వెళ్లినవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఆ వేడి వెంటనే గదిలోకి రాదు. నాలుగైదు అంగుళాల శ్లాబును దాటి కిందికి దిగేసరికి సాయంత్రమవుతుంది. బయట చల్లగాలి మొదలయ్యే వేళకు లోపల కప్పు కాగి ఉంటుంది. దాని సెగ నేరుగా మంచం మీద పడుకున్నవాళ్ల ఒంటికి తగులుతుంది. ఫ్యానేమో కప్పు దగ్గరి వేడిగాలినే కిందికి తోస్తుంది. కిటికీలన్నీ తీసినా ఉక్కపోత తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఇది నిద్రతో పోయే సంగతి కాదు. పగలంతా ఎండకు అలసిన శరీరం రాత్రి చల్లబడితేనే కోలుకుంటుంది. పెద్దవాళ్లకు, పసిపిల్లలకు, బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఆ విరామం దొరక్కపోతే ప్రమాదం. 2015 వేసవి వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. వడదెబ్బంటే ఎండలో తిరిగేవాళ్లకే అనుకుంటాం. గడప దాటని ముసలివాళ్లకూ కాగిన కప్పు కింద అదే ముప్పు ఉంటుంది.

ఐసు దిమ్మ చెప్పే పాఠం

వేడిని ఆపడం మనకు కొత్త విద్యేమీ కాదు. సోడా కొట్టువాడు ఐసు దిమ్మను ఊకలో పొదిగి గోనెపట్టా చుట్టేవాడు. ఊక చల్లబరచదు. బయటి వేడిని లోపలికి రానివ్వదు, అంతే. ఆ ఊక మధ్య చిక్కుకున్న గాలే అసలు అడ్డుగోడ. రాయలసీమ మిద్దెల మీద మందంగా పరిచిన చవుడు మట్టి, మద్రాసు టెర్రసుల్లో టేకు దూలాల మీద ఇటుక, దాని పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి కొట్టిన పొర... ఇవన్నీ ఎండ దిగకుండా వేసిన అడ్డాలే. అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్లొచ్చినవాళ్లు అక్కడి అటకల్లో గులాబీరంగు దూది పరుపుల్లాంటివి చూసే ఉంటారు. అది గాజుతో చేసిన దూది. అక్కడ చలికాలంలో వెచ్చదనం పోకుండా, వేసవిలో ఎండ రాకుండా కాపాడేది అదే.

సిమెంటు శ్లాబు వచ్చాక మనకు గట్టి కప్పు దొరికింది, పైన ఇంకో అంతస్తు వేసుకునే వీలు దొరికింది. కానీ అటక పోయింది, మట్టి పోయింది, సున్నం పొర పోయింది. ఎండకూ మనకూ మధ్య మిగిలింది నాలుగైదు అంగుళాల కాంక్రీటు. అది బరువును మోస్తుందేగానీ వేడిని ఆపలేదు. ఒక్క అంగుళం థర్మోకోల్ ఆపే వేడిని ఆపాలంటే కాంక్రీటు సుమారు మూడడుగుల మందం ఉండాలి! ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, కప్పు గుండా వేడి ఎంత దిగవచ్చో ఒక హద్దు పెట్టింది. ఏ పొరా లేని ఉత్త శ్లాబు ఆ హద్దుకు దాదాపు మూడింతల వేడిని దించుతుంది.

ముందు కారే చోటు చూడాలి

పాత ఇంటికి ఏ పొర వేయాలన్నా మొదటి పని మరమ్మతు. డాబా మీద పగుళ్లున్నాయా? నీళ్లు వాటంగా గొట్టం దగ్గరికి పోతున్నాయా, ఎక్కడైనా నిలుస్తున్నాయా? పిట్టగోడ మొదట్లో చెమ్మ ఉందా? గదిలో కప్పు పెచ్చులూడి ఇనుప ఊచలు కనిపిస్తున్నాయా? ఊచలు తుప్పు పట్టి ఉంటే ఇంజినీరుకు చూపించకుండా పైన ఏ బరువూ పెట్టకూడదు. కారే కప్పు మీద ఎంత ఖరీదైన పొర వేసినా డబ్బు దండగే. తడిసిన పొర వేడిని ఆపలేదు సరికదా, కారే చోటును కనిపించకుండా దాచేస్తుంది.

సంక్రాంతి వెళ్లాక ఈ పనులు పెట్టుకోవడం మంచిది. వానలుండవు, ఎండ ముదరదు, మేస్త్రీలు దొరుకుతారు. ఏప్రిల్లో హడావుడి పడితే దొరికినవాడు చెప్పిందే ధర!

అన్నిటికన్నా చవక... తెలుపు

మరమ్మతయ్యాక చేయగలిగిన తేలికైన పని కప్పును తెల్లగా మార్చడం. ఎండలో ముప్పాతిక వంతు తాగే కప్పు, మంచి తెల్లపూత కొత్తగా పడ్డాక దాదాపు అంత ఎండనూ తిప్పికొడుతుంది. హైదరాబాద్‌లో వాణిజ్య భవనాల మీద జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే గదులను చల్లబరిచే కరెంటు ఖర్చు 10 నుంచి 19 శాతం తగ్గినట్టు తేలింది. 2017లో అదే నగరంలోని దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. అది లేని ఇళ్ల కంటే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనిపిస్తుంది. ఏసీ రిమోట్‌లో రెండంకెలు మార్చి చూస్తే ఆ రెండు డిగ్రీల విలువ తెలుస్తుంది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను చల్లబరచాలన్నది అందులో పెట్టుకున్న లక్ష్యం.

చేతిలో డబ్బు తక్కువుంటే జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేసినా ఆ వేసవి గడుస్తుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ ఏడాది వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్లు ఉంటాయి. తెల్ల టైల్స్, పింగాణీ ముక్కల గచ్చు ఇంకా ఎక్కువ కాలం మన్నుతాయి. ఏది వేసినా దుమ్ము పట్టి నల్లబడితే పనితనం తగ్గుతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి కడగాలి.

నమ్మకం కుదరకపోతే మొదట ఒక గది మీద వరకే పూత వేయించండి. రాత్రి తొమ్మిదింటికి ఆ గదిలోనూ, పక్క గదిలోనూ థర్మామీటరు పెట్టి చూడండి. మిగతా డాబాకు వేయించాలో వద్దో మీకే తెలుస్తుంది.

పైన కప్పాలా? కింద కట్టాలా?

తెలుపు చాలకపోతే తర్వాతి మెట్టు ఇన్సులేషన్. దీన్ని శ్లాబు పైన వేస్తేనే ఎక్కువ ఫలం. శ్లాబు అసలు కాగదు కాబట్టి రాత్రి కక్కే వేడీ ఉండదు. వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, దాని మీద గట్టి ఇన్సులేషన్ పలకలను సందుల్లేకుండా పరుస్తారు. అంగుళం, అంగుళంన్నర మందం ఉంటే మంచి తేడా కనిపిస్తుంది. టీవీ పెట్టెలో వచ్చే మెత్తటి థర్మోకోల్ పనికిరాదు, కాలు పెడితే నలిగిపోతుంది. పలకల పైన ఇనుప జాలీ పరిచి, రెండంగుళాల కాంక్రీటు పోసి, ఆపైన తెల్లగా ముగిస్తారు.

ఇక్కడే బరువు లెక్క చూసుకోవాలి. ఆ రెండంగుళాల కాంక్రీటే చదరపు అడుగుకు సుమారు 10 కిలోలు. వెయ్యి అడుగుల డాబా అయితే 10 టన్నులు! పాత శ్లాబు అంత మోయగలదో లేదో మేస్త్రీ మాట మీద వదిలేయకూడదు. ఇంజినీరు వద్దంటే తెల్లపూతతో పాటు డాబా మీద నీడ చూసుకోవాలి. తాటాకు పందిరి, ఆకుపచ్చ నెట్టు... ఏదైనా సరే, గాలికి ఎగిరిపోకుండా గట్టిగా కడితే చాలు.

కింద ఫాల్స్ సీలింగ్ కట్టించడం రెండో దారి. శ్లాబు కాగడం మారదుగానీ, దాని సెగ మనకు నేరుగా తగలదు. జిప్సం పలకల పైన రాక్‌వూలో గ్లాస్‌వూలో పరిస్తే ఫలితం బాగుంటుంది. అవి పరిచేవాళ్లు చేతులకు తొడుగు, ముక్కుకు మాస్కు వేసుకోవాలి. పాత వైర్లను అలాగే ఉంచి వాటి మీద దూది కప్పేయకూడదు. వైరులో పుట్టే వేడి బయటికి పోక ప్రమాదం జరగొచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ముందు వైరింగ్ మార్పించాలి. ఇంటి లోపల థర్మోకోల్‌ను అంటించి వదిలేయడం అసలే వద్దు. నిప్పంటుకుంటే నిమిషాల్లో నల్లటి పొగ కమ్మేస్తుంది.

పెంకుటింట్లో, రేకుల కింద...

పెంకుటిల్లు ఇంకా నిలబడి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అటక తీసేయించకండి. విరిగిన పెంకులు మార్పించి, చెదలు చూసుకుని, అటక చెక్కల మీద రాక్‌వూల్ పరుపు వేయిస్తే చాలు. గది ఇంకా చల్లబడుతుంది. అటకకు అటూ ఇటూ గోడల్లో గాలి పోయే కంతలుంటే మూసేయవద్దు. ఎలుకలు రాకుండా జాలీ కొట్టిస్తే సరి.

అందరికన్నా కష్టం రేకుల కింద ఉన్నవాళ్లది. రేకు పలచన, కాబట్టి ఎండ వచ్చిన కాసేపటికే సెగ దిగుతుంది. పైన తెల్లపూత, కింద కొంత ఖాళీ వదిలి వెదురు తడకల సీలింగ్ వేసుకుంటే ఊరట. ఆస్‌బెస్టాస్ రేకులైతే కోయడం, కన్నాలు పెట్టడం, పొడిగా రుద్దడం చేయకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఖర్చు ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడుంది. చాలా ఇళ్లలో యజమాని కింద, అద్దెవాళ్లు పైన. వేడి పైవాళ్లకు, డాబా కిందివాళ్లది! ‘మీకు ఉక్కగా ఉంటే కూలర్ పెట్టుకోండి’ అంటాడు యజమాని. ‘ఏడాదిలో ఖాళీ చేసే ఇంటికి మేమెందుకు ఖర్చు పెట్టాలి’ అనుకుంటారు అద్దెవాళ్లు. అపార్ట్‌మెంట్లలోనూ అదే తంతు. టెర్రస్ అందరిదీ, సెగ మాత్రం ఆఖరి అంతస్తు వాళ్లది. మీటింగులో ఆ మాటెత్తితే మిగతావాళ్లు వాచీలు చూసుకుంటారు.

కానీ పగుళ్లు పూడ్చి తెల్లపూత వేస్తే కప్పుకూ మేలే. ఎండకు ఉబ్బి, రాత్రికి ముడుచుకుని పగుళ్లు పడటం తగ్గుతుంది. శ్లాబు నాలుగు కాలాలు నిలిస్తే లాభం యజమానికి, అపార్ట్‌మెంట్ మొత్తానికీ. ఆ ఖర్చును సగం సగం పంచుకున్నా ఎవరూ నష్టపోరు.

పూర్వం సంక్రాంతికి ఇంటి గోడలన్నిటికీ వెల్ల వేసేవాళ్లు. వచ్చే సంక్రాంతికి మరో బకెట్టు సున్నం కలిపి మెట్లెక్కండి. మే నెలలో ఒక రాత్రి అమ్మమ్మ ఫ్యాను ఆపమనకుండానే నిద్రపోతుంది. దానికన్నా ఏం కావాలి!