రాజుగారి బండి ఎవరు విరగ్గొట్టారు?

ఈ మధ్య మన ఆఫీసుల్లో కొరియన్ అంటే సీరియళ్ళే. పదహారు ఎపిసోడ్లు కూర్చుని చూసే ఓపిక నాకు లేదు కాబట్టి నేను సినిమాలతో సరిపెట్టుకుంటాను. అలా చూసిందే 2019లో వచ్చిన 'ఫర్బిడెన్ డ్రీమ్'. దర్శకుడు హర్ జిన్ హో. గడ్డాలు, టోపీలు, దర్బారులు ఉన్నాయి కదా అని వదిలెయ్యకండి. ఇది అసలు ఒక ఇంజనీరు కథ. మన కథే అనుకోవచ్చు, కాకపోతే మనల్ని ఇంకా బెత్తాలతో కొట్టట్లేదు :)

కథ చెప్తాను. ముగింపు కూడా చెప్పేస్తున్నాను, ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

15వ శతాబ్దం, జోసన్ రాజ్యం. రాజు సెజోంగ్ (హాన్ సుక్ క్యూ). పుట్టుకతో ప్రభుత్వ బానిస అయిన జాంగ్ యోంగ్ సిల్ (చోయ్ మిన్ సిక్, అదే మన 'ఓల్డ్‌బాయ్' హీరో). ఇద్దరూ చరిత్రలో నిజంగా ఉన్నవాళ్ళే. జాంగ్ చేతి పనితనం చూసి, దర్బారులో పెద్దలు వద్దంటున్నా రాజు అతనికి పదవి ఇచ్చాడు. 1434లో అతను చేసిన 'జాగ్యోక్రు' అనే నీటి గడియారం మొదలైంది.

ఆ గడియారం ఎలా పనిచేస్తుందో చూస్తే మనవాళ్ళకి ముచ్చటేస్తుంది. పై కుండల్లోంచి నీళ్ళు ఒకే వేగంతో కింది గొట్టంలోకి దిగుతుంటాయి. నీటిమట్టం పెరిగేకొద్దీ అందులో తేలే కడ్డీ లేచి ఒక చిన్న గోళీని వదుల్తుంది. ఆ చిన్నది దొర్లుకుంటూ పోయి పెద్ద గోళీని, పెద్దది ఒక మీటని, మీట ఒక చెక్కబొమ్మ చేతిని కదిలిస్తాయి. ఒక బొమ్మ గంట, ఇంకోటి డోలు, మరోటి జేగంట మోగిస్తాయి. అంతకుముందు రాత్రంతా మనిషి మేలుకుని నీళ్ళ గీతలు చూసుకుంటూ కూర్చోవాలి. అంటే 1434లోనే నైట్ షిఫ్టుని ఆటోమేట్ చేశాడన్నమాట.

మరి ఇందులో 'నిషిద్ధం' ఏంటి? అప్పట్లో ఆకాశాన్ని లెక్కగట్టి పంచాంగం ఇచ్చే హక్కు చైనా చక్రవర్తిది. జోసన్ లాంటి సామంత రాజ్యాలు పుచ్చుకోవాలి అంతే. కానీ చైనా రాజధానికి గట్టిన లెక్క సియోల్ ఆకాశానికి సరిపోదు. సూర్యోదయం తేడా, గ్రహణం వేళ తేడా. మా ఆకాశాన్ని మేమే కొలుచుకుంటాం అనడం సెజోంగ్‌కి శాస్త్రం, మింగ్ దర్బారుకి ధిక్కారం. సొంత లిపి చేసుకోవడం కూడా అంతే.

ఇక 1442. జాంగ్ పర్యవేక్షణలో తయారైన రాజుగారి బండి విరిగిపోయింది. సినిమా ఈ సంఘటన చుట్టూనే తిరుగుతుంది. జోరువానలో బండి విరగడం, విచారణ, మింగ్ ఒత్తిడి, రాజు రహస్యంగా తయారుచేస్తున్న అక్షరాలు. చివరికి ఆ అక్షరాల్ని, రాజుని కాపాడటానికి జాంగ్ నేరం తన నెత్తిన వేసుకుంటాడు. ఇద్దరు మహానటులు ఎదురెదురుగా నిలబడ్డ ఆ సీన్లో నా కళ్ళు కూడా చెమర్చాయి, అబద్ధమెందుకు. అంతకుముందు ఇంకో సీన్ ఉంది. వాన వల్ల చుక్కలు కనపడని రాత్రి జాంగ్ తలుపు కాగితానికి సిరా పూసి, చిల్లులు పొడిచి, వెనక దీపం పెట్టి గదిలోనే రాజుకి నక్షత్రాలు చూపిస్తాడు. ఆ ఒక్క సీన్ కోసమైనా చూడొచ్చు.

అయినా ముగింపు దగ్గర నాకు పేచీ ఉంది.

జోసన్ రాజవంశపు దినచర్య గ్రంథం 'సిల్లోక్'లో ఈ బండి సంగతి కొద్ది వాక్యాల్లో తేలిపోతుంది. జాంగ్ చేయించిన బండి గట్టిగా లేక విరిగింది, విచారణకి పంపారు. అది విరిగినప్పుడు రాజు అందులో ఉన్నట్టు కూడా లేదు. నూరు దెబ్బలు శిక్ష పడితే రాజు దాన్ని రెండు మెట్లు తగ్గించాడు, అంటే ఎనభై. పదవి పోయింది. ఆ తర్వాత జాంగ్ ఏమయ్యాడో ఎక్కడా లేదు. అన్నిటికన్నా నన్ను ఆపేసిన వివరం ఇంకోటుంది. జో సున్ సెంగ్ అనే పై అధికారి 'ఏం కాదు, విరగదు' అని జాంగ్‌కి భరోసా ఇచ్చాడట. అతన్ని రాజు శిక్షించకుండా వదిలేశాడు.

ఇది చదువుతుంటే నాకు పాత కంపెనీ గుర్తొచ్చింది (పేరెందుకు లెండి). ఒక శుక్రవారం రాత్రి రిలీజు. మా టీంలో కుర్రాడు టెస్టింగ్ సగమే అయిందన్నాడు. 'ఏం కాదు, పెట్టెయ్' అన్నాడు మేనేజరు. సోమవారానికి అంతా కూలిపోయింది. తర్వాత తయారైన రిపోర్టులో కుర్రాడి పేరుంది. 'పెట్టెయ్' అన్న మాట లేదు. ఆ మీటింగులో ప్రశ్నలడిగింది కూడా ఆ మేనేజరే.

అందుకే అంటున్నాను, సినిమా చెప్పిన త్యాగం కన్నా ఆ కొద్ది వాక్యాలే ఎక్కువ భయపెడతాయి. త్యాగం అనగానే రాజు మంచివాడైపోతాడు, బానిస ధన్యుడైపోతాడు, మనం కళ్ళు తుడుచుకుని టీవీ ఆపేస్తాం. కానీ బహుశా అక్కడ కుట్రా లేదు, త్యాగమూ లేదు. మంచి రాజు పాలనలోనే, మామూలు పద్ధతి ప్రకారమే, ఇరవై ఏళ్ళ పనిని ఒక్క విరిగిన బండి తుడిచేసింది. సెజోంగ్ గొప్పవాడే, కాదనను. గొప్ప బాసు కింద కూడా ఇలా జరుగుతుందనేదే ఇక్కడ అసలు సంగతి.

తర్వాత ఏమైందో సినిమాలో లేదు. 1455లో ఆ గడియారాన్ని వాడటం మానేశారు. పాడైతే బాగుచేసేవాడు లేడు. మన భాషలో చెప్పాలంటే ఒక్కడి బుర్రలో ఉన్న సిస్టం, ఆ ఒక్కణ్ణీ కొట్టి పంపేశారు. 2007లో కొరియన్లు దాన్ని మళ్ళీ నిర్మించి సియోల్ మ్యూజియంలో పెట్టగలిగారంటే, దాని నిర్మాణాన్ని వివరిస్తూ అప్పట్లో ఎవరో ఓపిగ్గా రాసిపెట్టినందువల్లే. డాక్యుమెంటేషన్ ఎందుకండీ అనేవాళ్ళకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

రాజు చేసిన రెండో పని మాత్రం ఆగలేదు. 1446లో ప్రకటించిన 28 అక్షరాలు. పండితులు చిన్నచూపు చూసినా ఆడవాళ్ళు, మామూలు జనం వాడుతూనే ఉన్నారు. గడియారానికి జాంగ్ కావాలి, అక్షరాలకి ఎవరైనా చాలు. ఇద్దరు మేధావుల మధ్య ఏది నిలిచింది అంటే, ఎక్కువమంది చేతికి అందింది నిలిచింది.

సినిమా వచ్చిన రెండేళ్ళకి, 2021లో, సియోల్ ఇన్సాడోంగ్‌లో తవ్వుతుంటే దాదాపు 1,600 లోహపు అచ్చు అక్షరాలు దొరికాయి. వాటిలో తొలినాటి హంగుల్ అచ్చులున్నాయి. వాటితోపాటు కొన్ని లోహపు భాగాలు కూడా బయటపడ్డాయి. అవి నీటి గడియారంలో గోళీల్ని వదిలే పరికరానివి అంటున్నారు. ఏ స్క్రిప్ట్ రైటరైనా ఇలా రాస్తే మరీ సినిమాటిక్‌గా ఉందని మనమే కొట్టేసేవాళ్ళం.

చూడండి, రెండు గంటల పైచిలుకు. చూశాక మీ ప్రాజెక్టులో చివరిసారి బండి విరిగినప్పుడు రాసిన రిపోర్టు ఒకసారి తీసి, 'ఏం కాదు' అన్న పెద్దమనిషి పేరు అందులో ఉందేమో వెతకండి.