రెండో జనరేటరు ఉంటే చాలునా?

పెద్ద మోటారు నౌకకు అదనపు జనరేటరు అవసరమా అన్న ప్రశ్నకు బాల్టిమోర్ దుర్ఘటన సమాధానం చెబుతున్నది. 2024 మార్చి 26న 'డాలీ' అనే సరకుల నౌక ఢీకొనగా అక్కడి వంతెన కూలి, దానిపై పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. నౌక సిబ్బందిలో అధికులు భారతీయులే.

డాలీలో జనరేటర్లకు కొదవ లేదు, నాలుగున్నాయి. అయినా నిమిషాల వ్యవధిలో రెండుసార్లు కరెంటు పోయింది. మొదటిసారికి కారణం వదులైన ఒక తీగ అని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబరులో తేల్చింది. కరెంటు తిరిగి వచ్చినా, జనరేటర్లకు ఇంధనం అందించే పంపు దానంతటది మొదలు కాలేదు. ఇంధనం అందక కరెంటు మళ్లీ పోయింది. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒకే లోపంతో అన్నీ ఆగకుండా ఉండడం ముఖ్యం.

విహార నౌకల యజమానులకూ ఇదే పాఠం. సాయంత్రానికి రేవు చేరే నౌకకు ఒక జనరేటరు, మంచి బ్యాటరీలు చాలు. రోజుల తరబడి నడిసముద్రంలో ఉండేదానికి రెండోది కావలసిందే. అయితే దానికి వేరే ట్యాంకు, వేరే స్టార్టింగ్ బ్యాటరీ ఉండాలి. ఒకే ట్యాంకులో నీరు చేరితే రెండూ ఆగుతాయి. అప్పుడప్పుడూ లోడు పెట్టి నడపని జనరేటరు ఉన్నా లేనట్టే.