మెట్టసీమలో క్రొత్త ఏకపంట

ఆదివారము సాయంకాలము కుందుర్పిలో బస్సు కొఱకు నిలిచినవారి సామాను చూచినచో ఆ ఊరి కథ సగము తెలియును. ఒకచోట గోనెసంచి, దుప్పటిలో చుట్టిన వంటపాత్రలు, పిడి అరిగిన పార. వారు కట్టడముల కూలికి పోవు ఆలుమగలు. వారి ప్రక్కనే వీపున లాప్‌టాప్ సంచి, చేత తల్లి కట్టియిచ్చిన రాగిపిండి మూట, మూత ఊడకుండ రబ్బరు బ్యాండు వేసిన స్టీలు డబ్బాలో ఊరిబిండి పచ్చడి. వాడు ఆఫీసు నౌకరికి పోవు పిల్లవాడు. ఎక్కు బస్సు ఒక్కటే, దిగు నగరము ఒక్కటే, తెల్లవారుజామున ఉభయుల కండ్లలోని నిద్రలేమియు ఒక్కటే. అయినను మొదటివారి ప్రయాణమునకు వలసయని పేరిడి మనము జాలిపడుచున్నాము. రెండవవాని ప్రయాణమునకు ఉద్యోగమని పేరిడి పొంగిపోవుచున్నాము. పత్రికలలో మొదటిది కరవు వార్తగా లోపలి పుటలో అచ్చగును. రెండవది కళాశాలల ప్రకటనగా, తపాలాబిళ్ళలంతేసి ముఖచిత్రములతో, రంగులలో మొదటి పుటనే ఆక్రమించును.

ఈ రెండు పేర్ల నడుమ మనము కట్టిన గోడ నాకు సమ్మతము కాదు. కుందుర్పి మెట్టనుండి ఆఫీసు పనికై బెంగుళూరు చేరినవాడు సేద్యమును విడిచిపోయెనని చాలమంది తలంచుచున్నారు. నిజమునకు వాడు చేయుచున్నది ఆ సేద్యమే. అప్పు తెచ్చి విత్తుట, ఎవరి చేతిలోను లేని కాలమునకై కనిపెట్టుకొని యుండుట, పండిన యేట పండని యేండ్ల లోటు పూడ్చుకొనుట, ఇవన్నియు వేరుసెనగ నేర్పిన అలవాట్లు. ఆ పంట చేసిన తప్పునే ఈ పంటయు చేయుచున్నదేమోయని నా భయము.

అనంతపురము జిల్లా ఏడాది సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటు. నైరృతి మేఘములు పడమటి కనుమలయందే తమ భారమును దించుకొని ఇచ్చటికి గాలిని మాత్రము తెచ్చును. ఈశాన్య మేఘములు కోస్తాలో కురిసి కురిసి ఇంతదూరము చేరునప్పటికి అలసిపోవును. కాలువ చివరి మడి రైతునకు నీరు అందునట్లు ఈ పీఠభూమికి రెండు ఋతుపవనములును అందుచున్నవి. రాజధానులును దీనికి అట్లే అందినవి. ఒకనాడు మద్రాసు, 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు, నేడు అమరావతి: పరిపాలనాపీఠము ఎన్ని మారులు మారినను, అందులో ఏ ఒక్కటియు కుందుర్పికి బెంగుళూరికంటె దగ్గర కాలేదు. 1882లో అనంతపురము జిల్లా ఏ బళ్లారి జిల్లానుండి విడివడి పుట్టినదో ఆ బళ్లారియు 1953లో మైసూరు రాష్ట్రమునకు పోయెను. కనుక సంతలో కన్నడము వినుచు పెరిగిన సరిహద్దు పిల్లవానికి రెండువందల కిలోమీటర్ల లోపుననున్న బెంగుళూరు పరదేశము గాక, తనకు పటములో మాత్రము దక్కని రాజధానిగా తోచుటలో వింతయేమున్నది? రాయదుర్గమునుండి కళ్యాణదుర్గము మీదుగ తుమకూరునకు రైలుమార్గము 2007–08లో మంజూరైనది. ఆ యేట పుట్టిన పిల్లలు ఇంజనీరింగు కళాశాలలో చేరు ఈడునకు వచ్చిరి గాని, వారిని బెంగుళూరు చేర్చునది నేటికిని బస్సే.

ఇక పంట సంగతి. మా తాతల చేలలో కొఱ్ఱ, సజ్జ, జొన్న, రాగి, ఉలవ, అలసంద, సాళ్ళమధ్య కంది, గట్లవెంట ఆముదము కలగలసి యుండెడివి. ఒక వాన తప్పినచో ఒకటి చచ్చును, మఱియొకటి బ్రతుకును. ఇల్లు ఎట్లో గడచును. వేరుసెనగ నగదు తెచ్చెను. నగదు తెచ్చు పంటకు ఎదురాడుట ఎవరి తరము? తిండివనమునుండి 1940లో వచ్చిన టీఎంవీ–2 రకము దశాబ్దములపాటు ఈ నేలను ఏలెను. పిదప కదిరి పరిశోధనాస్థానము వారి కె–6 వచ్చెను. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు మించి ఈ పంటయే యుండెను. పూత రాలి ఊడలు భూమిలోనికి దిగు పదిదినములలో నేల గట్టిపడియుండెనా, పైన ఆకు పచ్చగా నవ్వుచుండగనే క్రింద కాయ పుట్టదు. ఒక రైతునకు గాదు, కంటికి ఆనినంత మేరకు అందఱకును ఒకే వారములో పుట్టదు. పొరుగువానిని చేబదులు అడుగుటకును వీలులేని కరవు అది. వేరుసెనగ చెడ్డపంట యని నేననను. అందఱును అదియే వేయుటలో చేటున్నది.

ఇప్పుడు చదువుల చేనిని చూడుడు. 1946లో మద్రాసు గిండీలో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురమునకు తరలివచ్చెను. మహానగరమునుండి కరవుసీమకు ఒక విద్యాసంస్థయే ఎదురు వలస వచ్చిన ఆ దినములను నేటివారు స్మరింపరు. అది జేఎన్‌టీయూ అయినది, దాని నీడన కళాశాలలు వెలసినవి, 2008 తరువాత బోధనారుసుముల తిరిగి చెల్లింపు విస్తరించుటతో పేదరైతు బిడ్డకును ఆ గడప దాటుట సాధ్యమైనది. ఇది మేలే. కాని సివిలు, మెకానికలు శాఖలలో సీట్లు మిగిలిపోవుచుండ, కంప్యూటర్ శాఖకు సెక్షను పిమ్మట సెక్షను పెరుగుచున్నది. పశువైద్యుడు, సర్వేయరు, నర్సు, మంచి మోటారు మెకానిక్కు కావలెనను బిడ్డకు ఇంట ఆదరము లేదు. చెలక అంతయు మరల ఒకే విత్తు.

దిగుబడి యెంత? పెద్ద సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలు క్రొత్తవారికి ఇచ్చు జీతము ఏడాదికి 3.5 లక్షల చుట్టు దశాబ్దమునకు పైగా గానుగెద్దువలె తిరుగుచున్నది. కోతలు పోగా చేతికి వచ్చునది నెలకు 25 వేలకు అటునిటు. బెంగుళూరు మారతహళ్లిలోనో బీటీఎం లేఔటులోనో తెలుగు బోర్డు పెట్టుకొన్న పీజీ వసతిగృహములో ముగ్గురు పండు గదియందు ఒక మంచము, రెండుపూటల సాంబారన్నము, ఆఫీసు రాకపోకలు, ఫోను, నెలకొకసారి ఊరి బస్సు: సగము అచ్చటనే తీరిపోవును. పెండ్లియై ఇల్లు తీసికొనవలెనన్న, పది నెలల అద్దెను అడ్వాన్సుగా పెట్టుమను ఆచారము ఆ నగరమున చిరకాలము చెల్లెను. 2021లో కేంద్రము రచించిన నమూనా అద్దె చట్టము రెండు నెలలకు మించరాదన్నది గాని, ఇల్లుగలవాడు నమూనాలను చదువడు. మిగిలినదానిలో ఏ ఆరేడు వేలో ఒకటవ తేదీన ఊరికి వచ్చును. ఏ ఋతుపవనమును ఇంత నమ్మకముగా తేదీ తప్పక ఈ నేలకు వచ్చి యెఱుగదు.

నమ్మకమంటిని గాని, అదియు కొంతవఱకే. 2022, 2023 సంవత్సరములలో ఉద్యోగపత్రము చేతికిచ్చి చేరు తేదీ మాత్రము చెప్పక నెలలు గడపిన సంస్థలు పెక్కు. అది విత్తిన పిమ్మట వాన వెనుకకు పోవుటయే. చేరినవానికిని పని లేనప్పుడు 'బెంచి మీద ఉన్నా'డందురు. మా బంధువొకాయన, కొడుకు ఫోనులో ఈ మాట చెప్పగా విని, రచ్చకట్టపై కూర్చుండి సంతోషముతో అందఱకును చెప్పెను: "మావోనికి కూచోను బెంచీ ఇచ్చినారంటప్పా, నిలబడి చేసే పని కాదంట." రెండు నెలలకు ఆ బెంచి యేమో ఆయనకును తెలిసెను. దుక్కి దున్ని విత్తులేక పడియున్న నేలను మనము బీడనమా? మాట మారినది, అంతే.

ఆ వచ్చిన సొమ్ము ఏమగుచున్నది? చెప్పుటకు కష్టముగనున్నది: చాలవఱకు బోరులో పడుచున్నది. పాత బోరు ఎండినది, 300 అడుగుల నీరు 600 అడుగులకు జారినది; మోటారు, పైపులు, కేబులు కలిపి లక్ష దాటును; బండి వచ్చిన రాత్రి తెల్లని రాతిదుమ్ము పొగవలె లేచుచుండ, తడిమట్టి ఎప్పుడు పడునాయని తండ్రి గుప్పిటలోనికి తీసికొని నలిపి చూచుచుండును; అదే వేళ కొడుకు బెంగుళూరులో ఆఫీసు క్యాబులో కూర్చుండి, ఎన్ని అడుగులు పోయినదని క్షణక్షణము ఫోను చేయుచుండును. ఆ దుమ్ములో ఎగురుచున్నది వాడు ఏడాదిపాటు పంపిన సొమ్ము. ఆఫీసు ఆదాయము మెట్టసేద్యమును మాన్పించుటలేదు. నష్టపు సేద్యమును చావనీయక సాగదీయుచున్నది. మమకారమునకు లెక్కలు లేవు గాని, ఆర్థికశాస్త్రవేత్తలు దీనికి ఒక పద్దు తెఱవవలసియున్నది.

బోరు ఎండినదని ఊరు విడిచిన పిల్లవానికి ఎండిన బోర్లే ఎదురగుట విధివిలాసము. 2024 వేసవిలో బెంగుళూరులోని 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయినవని కర్ణాటక ఉపముఖ్యమంత్రియే ప్రకటించెను. ఆ మార్చిలో కుందుర్పి యువకులు కొందఱు పీజీ మెట్లపై బక్కెట్లతో ట్యాంకరునకై వరుసగట్టి నిలిచిరి. ఊరిలో తల్లి ఆ పని ఏండ్లతరబడి చేసినదే గనుక, వారికి ఆ విద్యయందు నగరవాసులకంటె నైపుణ్యము కలదు. ఆ అక్టోబరులో కావేరి నీటి పథకము అయిదవ దశ ఆరంభమై దినమునకు 775 మిలియను లీటర్లు అదనముగ వచ్చునేర్పాటు జరిగెను. నగరమునకు దాహమైనచో నది వంద కిలోమీటర్లు నడచి, కొండెక్కి వచ్చును.

ఇచ్చట ఒక ప్రశ్న. పరిశ్రమకు నీరు కావలెను. పెనుకొండ దగ్గరి ఎఱ్ఱమంచికి కియా కార్ల కర్మాగారము వచ్చి 2019లో పని మొదలిడుటకు రహదారియు, హంద్రీ–నీవా నీరు చేరు గొల్లపల్లి జలాశయమును ముఖ్యకారణములు. కుందుర్పికి అట్టి భాగ్యము లేదని ఒప్పుకొందము. కాని లోకమున నీరు త్రాగని పని ఏదైన కలదాయన్న, అది ఆఫీసు పనియే. దానికి కావలసినది కరెంటు, తీగ. కరెంటా, పొరుగున పావగడ తాలూకాలోనే 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము ఎండను పండించుచున్నది. తీగ సంగతి 2020 మార్చిలో దేశము మూతపడినప్పుడే తేలినది. నాడు నగరమునుండి తిరిగివచ్చిన పిల్లలు వేపచెట్టు క్రింద మంచము వాల్చి, సిగ్నలు దొరకని దినమున మేడమీది నీళ్ళతొట్టి ప్రక్కకు చేరి, అమెరికా వారి బీమా కాగితములను పరిష్కరించిరి. మేకలు అఱచుచుండ మైకు కట్టివేసికొనుట వారికి తొలివారముననే అలవడెను. పని ఆగలేదు, జీతము ఆగలేదు, అద్దె మిగిలెను. పిమ్మట రెండేండ్లకు ఆఫీసులు రమ్మనెను. అందఱును మారుమాటలేక, వానకాలము వచ్చినదన్నట్లు, బస్సెక్కిరి.

మారుమాట లేకపోవుటకు వేఱు హేతువులును ఉన్నవి, వానిని దాచుట ధర్మము కాదు. ముఖ్యముగ ఆడపిల్లలకు ఆ రెండేండ్లు ఇంటినుండి చేసిన పని వరమై తోచలేదు. పగలు వంట, రాత్రి లాప్‌టాప్. ఫోనులో పురుషుని గొంతు వినబడినచో గోడ ఆవలి చెవులు. బెంగుళూరులో ఆ పిల్లయే తన పేరిట ఖాతా, తన గది తాళముచెవి, పెండ్లిని రెండేండ్లు వాయిదావేయు ధైర్యము సంపాదించెను. కులము చెప్పి కుండ ముట్టవలసిన వీథినుండి వచ్చిన బిడ్డకు, కులమడుగక ముద్దపెట్టు పీజీ చిన్న విషయమా? ఇల్లు అద్దెకడిగినప్పుడు అచ్చటను కులమడుగువారు కలరు. అయినను అచ్చట వేఱు వీథి చూచుకొనవచ్చును. కావున ఊరు విడుచుటయే పతనమని వాపోవు రచనలయందు నాకు విశ్వాసము లేదు.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, స్త్రీలకు ఇంటినుండి పనిచేయు వీలు పెంచెదమని ప్రకటించెను. ఇంటినుండి కాదు, ఇంటికి దగ్గరగా అని సవరించుమని నా మనవి. కళ్యాణదుర్గములో తలుపు మూసికొనదగిన గదులు, తెగని కరెంటు, రాత్రి పదింటికి కుందుర్పి చేర్చు ఒక బస్సు: ఈ మూడును కాలువ త్రవ్వుటకంటె చౌక. అంతకంటె ముందు, ఇంటర్మీడియట్ వాకిట నిలిచిన పిల్లలకు ఒకే విత్తు అమ్ముట మానవలెను. ఈ మాట కళాశాలల వ్యాపారమునకు రుచింపదని యెఱుగుదును.

గత జ్యేష్ఠమాసములో కుందుర్పి బస్టాండునందే విన్నది చెప్పెదను. సెలవు ముగించుకొని పోవు కొడుకు తండ్రితో అనుచుండెను: "నాయనా, ఈ తూరి అంతా శెనక్కాయ ఎయ్యొద్దు. సగం కంది, ఇంత కొఱ్ఱ ఎయ్యి. అంతా ఒకటే ఏస్తే, పోతే అంతా పోతుంది." తండ్రి బీడీ ఆర్పి, మూటను పిల్లవాని చేతికందించుచు, "మంచిమాటే చెప్తాండావు గానీ అబ్బీ," అనెను, "మీ క్లాసులో పిల్లోళ్ళంతా ఏం సదివినారు?"

బస్సు వచ్చెను. రాగిపిండి మూట చిరిగియున్నదేమోయని పిల్లవాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచుకొనుచు ఎక్కెను.