గుంత మనది, పార వేరొకరిది

గొర్రెల మంద ఒక రాత్రి మన చేలో పడుకుంటే కాపరికి డబ్బులిస్తాం. పక్క రైతు కంటే ముందు మన చేలోకే తోలమని బతిమాలుకుంటాం. చెరువు మట్టికి ట్రాక్టరు కిరాయి పెట్టుకుంటాం. కోళ్ల ఫారం ఎరువు వస్తోందంటే ఆ కంపు భరిస్తూ దగ్గరుండి దింపించుకుంటాం. ఖమ్మం జిల్లా ఏన్కూరు చుట్టుపక్కల మిరప, పత్తి వేసేవాళ్లం ఎవరమూ దీన్ని కాదనలేం. గొర్రెదీ, బర్రెదీ, కోడిదీ అన్నీ మనకు ఎరువే. ఇంటి వెనక మన గుంతలో ఉన్నదాని పేరెత్తితే మాత్రం ముక్కు మూసుకుంటాం. అలా ముక్కు మూసుకున్నందుకు ఎంత పోగొట్టుకున్నామో, అందులో ఎంత భారం ఎవరి నెత్తిన రుద్దామో ఇప్పటికైనా మాట్లాడుకోవాలి.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. మరుగుదొడ్డి కట్టుకుంటే ఇంటికి 12 వేల రూపాయలన్నారు. ఊరూరా సిమెంటు రింగులు దిగాయి. గది ముందు నిలబడి ఫొటో దిగాం, బిల్లు తీసుకున్నాం. 2019 అక్టోబరు 2 నాటికి దేశంలో పల్లెలన్నీ ఆరుబయటకు వెళ్లడం మానేశాయని ప్రకటన వచ్చింది. ఆ లెక్కలో మనమూ ఉన్నాం. ఆ తర్వాత గది వెనక ఏం జరుగుతోందో సర్పంచులం అడగలేదు, పంతుళ్లం చెప్పలేదు, విలేకరులం రాయలేదు.

పథకం చెప్పింది ఒక గుంత కాదు, రెండు. ఒక్కోటి మీటరు వెడల్పు, ఇంచుమించు నాలుగడుగుల లోతు. గోడకు రంధ్రాలుండాలి, అడుగున సిమెంటు పోయకూడదు. గదికీ గుంతలకూ మధ్య ‘వై’ అక్షరంలా చీలిన చిన్న చాంబరు ఉంటుంది. అందులో ఒక దారి తెరిచి, రెండోది ఇటుకతో మూసేయాలి. నీళ్లూ మూత్రమూ మట్టిలోకి ఇంకుతాయి, మిగిలింది సూక్ష్మజీవులు తింటాయి. అయిదారుగురున్న ఇంటికి ఒక గుంత నిండటానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. నిండగానే ఇటుకను ఇటునుంచి అటు మార్చి, నిండినదాన్ని మూసి వదిలేయాలి. రెండోది నిండేలోగా మొదటిది మట్టిలాగే అయిపోతుంది. ఇందులో కరెంటు లేదు, మోటారు లేదు, మందు లేదు. ఉన్న యంత్రమల్లా ఒక ఇటుక.

ఆ ఇటుక పని మనకు ఎక్కలేదు. చాలాచోట్ల మేస్త్రీలు మొదటి గుంత నిండితే పొంగి రెండోదాంట్లోకి పోయేలా గొట్టం వేశారు. మనం అడ్డు చెప్పకపోగా, ‘రెండు గుంతలు పడ్డాయి, పదేళ్లదాకా చూడక్కర్లేదు’ అని సంబరపడ్డాం. అలా వేస్తే రెండు గుంతల్లోనూ ఎప్పుడూ పచ్చిదే ఉంటుంది, ఏ ఒక్కటీ మాగదు. ఇంకొందరం లోతు ఎక్కువైతే మంచిదని రింగు మీద రింగు దించాం. గుంత అడుగుకూ నీటి మట్టానికీ మధ్య కనీసం రెండు మీటర్ల మట్టి ఉండాలన్న సంగతి మనకు పట్టలేదు. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లం ఇదంతా పేదల సరుకని పక్కనపెట్టి, వాకిలి కింద సెప్టిక్ ట్యాంకు కట్టించుకున్నాం. మేడ ఎంత పెద్దదైతే ట్యాంకు అంత పెద్దది. అది నిండితే ఫోన్ కొడతాం, ట్యాంకరు వస్తుంది. పచ్చి మురుగు తోడుకుపోయి ఊరు దాటాక ఏ వాగులో, ఎవరి బీడులో వదులుతుందో అడగం.

తెలియక చేశామనడానికి లేదు. మాగిన మలం మట్టి అవుతుందని మన తెలంగాణలోనే అందరి కళ్లముందు రుజువు చేశారు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మూసి ఉంచిన గుంతలోకి దిగారు. చుట్టూ ఎన్నో రాష్ట్రాల అధికారులు నిలబడి చూస్తున్నారు. ఆయన ఎత్తి పోసింది నల్లగా, పొడిపొడిగా ఉంది. వాసన లేదు. ఆ నెలాఖరున ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దాని గురించి మాట్లాడారు. పత్రికలు ఫొటోలు వేశాయి. కేంద్ర కార్యదర్శి గుంతలో దిగితే వార్త అయింది. అదే పనికి, అదీ పచ్చి మురుగులోకి, మనం తరతరాలుగా మనుషుల్ని దించుతూ వచ్చాం. అదెన్నడూ వార్త కాలేదు. ఆ ఫొటో చూసి చప్పట్లు కొట్టి పేజీ తిప్పేశాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గుంత తవ్వడానికి మనకు సిగ్గు లేదు. అందులోంచి తీయడానికే చెయ్యి రాదు. రోగభయం అంటాం. రోగభయమే అయితే చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, పని అయ్యాక సబ్బు ఉన్నాయి. పొలంలో పురుగుమందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కూడా కట్టుకోని మనకు గుంత దగ్గరే ఆరోగ్యం గుర్తుకు రావడం వింతే. మనల్ని ఆపుతున్నది రోగం కాదు, కులం. ఈ పని ఫలానావాళ్లదని పుట్టుకతోనే నేర్చుకున్నాం. దాన్ని ఎవరూ బళ్లో చెప్పలేదు, ఎవరూ మాన్పించనూ లేదు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి, బెజవాడ విల్సన్ వంటి ఉద్యమకారుడు ఏళ్ల తరబడి సఫాయి కర్మచారుల పక్కన నిలబడితే, మనం విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు ఒక అభినందన పోస్టు పెట్టి ఊరుకున్నాం.

మనిషి చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో ఇంకా గట్టిగా చట్టం నిషేధించింది. ట్యాంకులోకి మనిషిని రక్షణ లేకుండా దించితే మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 చట్టంలో ఒక మాట మనం చదవాల్సింది. పూర్తిగా కుళ్లి మాగకముందు మలాన్ని చేత్తో ముట్టించడాన్నే అది నేరంగా నిర్వచించింది. అంటే నేరానికీ ఎరువుకూ మధ్య ఉన్నది కాలం. రెండేళ్లు ఓపిక పడితే ఎవరినీ అవమానించకుండా, ఎవరి ప్రాణం తీయకుండా తీసుకోగలిగినదాన్ని, ఓపిక లేక నేరంగా మార్చుకుంటున్నాం.

ఎంతకాలం ఆగాలన్నది ఊహ కాదు. మలంలో అన్నిటికన్నా మొండివి ఏలికపాము గుడ్లు. 20 డిగ్రీలు దాటిన వేడి ప్రాంతాల్లో కొత్త మలం కలవకుండా ఏడాదికి మించి నిల్వ ఉంచాలని, చల్లటి ప్రాంతాల్లో ఒకటిన్నర నుంచి రెండేళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. కుప్పవేసి 50 డిగ్రీల పైన వేడెక్కిస్తే పని ఇంకా త్వరగా అవుతుంది కానీ, కుప్ప లోపలా బయటా ఒకేలా వేడెక్కించడం ఇంటిదగ్గర అందరికీ కుదిరే పని కాదు. మన కొత్తగూడెం ఎండల సంగతి తెలిసిందే. అయినా తొందరపడకుండా గుంతకు రెండు ఎండాకాలాలు ఇవ్వడం నయం. మధ్యలో వాననీళ్లు నిండితే లెక్క మళ్లీ మొదటికి. తీసిన మట్టిని మామిడికీ, టేకుకూ, పూలమొక్కలకూ వేయాలి. పచ్చిగా తినే కొత్తిమీరకూ, ముల్లంగికీ వద్దు. గుంతలో డైపర్లూ, ప్యాడ్లూ, ప్లాస్టిక్కూ వేసి, పైనుంచి యాసిడ్ కుమ్మరిస్తే రెండేళ్లు కాదు, పదేళ్లు ఆగినా ఎరువు రాదు.

ఇక్కడ గొప్పలు చెప్పుకోకూడదు. దీంతో యూరియా బస్తా మానేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. మన దేశపు తిండి తినే మనిషి ఏడాదికి విసర్జించే నత్రజని రెండున్నర కిలోల పైచిలుకని అంచనా. అయిదుగురి ఇంటికి అది 45 కిలోల యూరియా బస్తాలో సగం పైన. అందులో ఎక్కువభాగం మూత్రంలోనే ఉంటుంది, అది గుంత గోడల్లోంచి నేలలోకి ఇంకిపోతుంది. గుంతలో మిగిలేది ప్రధానంగా నేలను గుల్లబరిచే మట్టి, కొంత భాస్వరం. 2025 ఆగస్టులో యూరియా కోసం తెలంగాణ అంతటా సొసైటీల ముందు చెప్పులు వరుసపెట్టి నిలబడ్డాం. రెండు గుంతలున్నా ఆ వరుస తప్పేది కాదు. కానీ పెరట్లో నాలుగు చెట్లకు సరిపడేది మన గుంతలోనే ఉంది. దాన్ని వదిలేసి చెట్లకూ బస్తా కొంటున్నామంటే అది మన తెలివితక్కువే.

అడవి అంచున ఉన్న గూడేలకు, తండాలకు మనం చేసింది ఇంకా పెద్ద తప్పు. బిందె నీళ్ల కోసం ఎండాకాలం దూరం నడిచే ఇంటికి, ప్రతిసారీ నీళ్లు పోయాల్సిన దొడ్డి ఇచ్చాం. బూడిద చల్లుకుంటూ వాడే, మూత్రం వేరుగా పోయే పొడి మరుగుదొడ్లు మన దేశంలోనే ఉన్నాయి. తమిళనాడులోని ముసిరిలో వాటిని కట్టి చూపించారు. కట్టెల పొయ్యి మీద వండుకునే ఇంట్లో బూడిదకు కొదవా? ఏది పనికొస్తుందో ఆ ఇంటివాళ్లను ఒక్కమాట అడగలేదు. ఆ గదుల్లో కట్టెలు పేర్చుకుంటే ‘వీళ్లకు అలవాటు లేదు’ అని నవ్వాం.

మనిషి మలాన్ని మట్టిలో కలపడం పడమటినుంచి నిన్న దిగిన వింత కాదు. 1908లో షాంఘై విదేశీ కాలనీల్లో మలం ఎత్తుకుపోయే హక్కు కోసం ఒక చైనా కాంట్రాక్టరే 31 వేల బంగారు డాలర్లు కట్టాడు. అమెరికా నేలశాస్త్రవేత్త ఎఫ్.హెచ్. కింగ్ 1911లో ఆ సంగతి రాశాడు. అక్కడ ఎత్తుకుపోయేవాడు ఎదురు డబ్బిచ్చేవాడు. ఇక్కడ మనం ఎత్తేవాడికి ఓ పాత చీర, మిగిలిన అన్నం పడేశాం. 1939లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్. ఆచార్య పట్నం చెత్తనూ మలాన్నీ పొరలుగా వేసి ఎరువు చేసే పద్ధతి కనిపెడితే, దానికి ‘బెంగళూరు పద్ధతి’ అన్న పేరూ వచ్చింది. మన వ్యవసాయ పుస్తకాల్లో అది పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగానే ఉండిపోయింది.

వానలు పడకముందే ఒక పని చేయండి. ఇంటి వెనక చాంబరు మూత ఎత్తి చూడండి. రెండు దారులూ తెరిచి ఉంటే ఒకటి ఇటుకతో మూయండి. గుంత నుంచి గుంతకు గొట్టం వేసి ఉంటే మేస్త్రీని పిలిచి విడగొట్టించండి. మూసిన రోజు తేదీ గోడమీద పెయింటుతో రాయండి. రెండో ఎండాకాలం దాటాక ఆ గుంత తెరిచేటప్పుడు కబురు ఏ వాడకూ పంపకండి. పార ఇంటి యజమానే పట్టాలి, అదీ పిల్లల ముందు.