శాస్త్రజ్ఞానము లోకమును తేటపఱచునా, చిక్కుపఱచునా?

శాస్త్రజ్ఞానము పెరిగినకొలది లోకము మనకు తేటపడుచున్నదా, లేక మఱింత చిక్కుపడుచున్నదా అను ప్రశ్న పాఠశాలలలో తఱచుగా వాదోపవాదములకు విషయమగుచుండును. శాస్త్రము దీపము వంటిదనియు, అది వెలిగినచోట చీకటి నిలువదనియు కొందఱందురు. ఒక ప్రశ్నకు సమాధానము దొరకినంతనే పది క్రొత్త ప్రశ్నలు పుట్టుచున్నవి గావున శాస్త్రము చిక్కులను పెంచునదే యని మఱికొందఱందురు. ఈ రెండు పక్షములవారును ఒక విషయమును మఱచుచున్నారని మా యభిప్రాయము. తేటదనము వేరు, సులభత్వము వేరు. శాస్త్రము లోకమును తేటపఱచును. గాని దానిని సులభము చేయుదునని అది యెన్నడును మాట యీయలేదు.

ఈ మాటను ఊరక చెప్పి విడుచుటకంటె ఒక్క దృష్టాంతమును తీసికొని పరీక్షించుట మేలు. ఇందుకు మలేరియా యనబడు చలిజ్వరము మిక్కిలి తగియున్నది. ఆ వ్యాధి మన తాతముత్తాతలకు చిరపరిచితము. దాని గుట్టులో ముఖ్యమైన భాగము బయలుపడినదియు మన తెలుగునేలపైననే.

పూర్వము ఈ జ్వరమునకు చెప్పబడిన కారణము చాల సులభమైనది. చెడుగాలి వలన జ్వరము వచ్చును, అంతే. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో అర్థము చెడుగాలి యనియే. మనవారును మన్యపు గాలి, మన్యపు నీరు పడక జ్వరము వచ్చినదనుచుండిరి. పండితుడును పామరుడును ఒక్క క్షణములో గ్రహింపగల మాట యిది. ఇందు చిక్కేమియు లేదు. కాని యిది నిజము కాదు. ఒకే యింట ఒకే గాలి పీల్చువారిలో ఒకనికి జ్వరము వచ్చి మఱియొకనికి రాకుండుటేల? కొందఱికి దినము విడిచి దినము, మఱికొందఱికి రెండేసి దినములు విడిచి చలి వచ్చుటేల? 1820లో ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞులు సింకోనా చెట్టు బెరడునుండి క్వినైనును వేఱుచేసిరి. ఆ మందు జ్వరమును తగ్గించుచుండెను. గాని చెడుగాలి వలన కలిగిన రోగమును ఒక చెట్టు బెరడేల మాన్పవలెనో చెప్పగలవారు లేకుండిరి. సులభమైన మాట ఈ ప్రశ్నలను తీర్చలేదు, కప్పిపుచ్చినది. అజ్ఞానమునందును ఒక విధమైన సరళత కలదని దీనివలన తెలియుచున్నది.

1880లో అల్జీరియాయందు పనిచేయుచుండిన లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు సూక్ష్మజీవిని చూచెను. జ్వరకారణము గాలి కాదు, ప్రాణి యని తేలెను. ఆ ప్రాణి ఒకరినుండి మఱియొకరికి ఎట్లు పోవుచున్నది? దోమలకు ఇందు పాత్ర కలదని మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. ఆ యూహను పరీక్షింప బూనినవాడు రోనాల్డ్ రాస్. ఆయన సికింద్రాబాదులో 1895 మొదలు దోమలను కోసి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించుచుండెను. సాధారణముగా దొరకు బూడిదవన్నె దోమలలోను, చారల దోమలలోను ఆయనకేమియు కానరాలేదు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కలుగల వేఱొక రకపు దోమలు ఆయనకు లభించెను. వానిచే కుట్టించుకొనుటకు సమ్మతించిన హుసేన్ ఖాన్ అను రోగికి దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చెను. ఆ నెల 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడలో, మలేరియా ప్రాణికి గుర్తైన నల్లని రేణువులుగల కణములను కనుగొనెను. మఱుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులకు వచ్చు మలేరియాను శోధించి, ఆ ప్రాణి దోమయొక్క లాలాజలగ్రంథులను చేరి కాటుతో మఱియొక పక్షికి సంక్రమించునని నిరూపించెను. అదే సంవత్సరము ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియాను మోయునది అనాఫిలిస్ దోమయే యని స్థాపించిరి. రాసునకు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ వృత్తాంతమున ఒక విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. దోమలన్నియు ఒక్కటే యను సులభమైన తలంపును అంటిపెట్టుకొని యుండినచో రెండేండ్ల ప్రయాస వ్యర్థమై యుండెడిది. దోమకును దోమకును గల భేదమును లెక్కగొనినప్పుడే దారి తెరువబడినది. అనగా చిక్కును అంగీకరించుటయే తేటదనమునకు ద్వారమయ్యెను.

అంతటితో కథ ముగిసెనా? లేదు. అనాఫిలిస్ జాతులు 400కు మించి యున్నవనియు, అందు మలేరియాను ముఖ్యముగా మోయునవి సుమారు 40 మాత్రమే యనియు, కుట్టునది ఆడుదోమయే యనియు తెలిసెను. మన దేశమందే యొక జాతి వరిమళ్లలోను కాలువలలోను, మఱియొకటి కొండవాగులలోను, వేఱొకటి పట్టణములయందలి బావులలోను మేడలపై నీటితొట్లలోను గ్రుడ్లు పెట్టును. మురుగుకాలువలలో పెరుగు క్యూలెక్సు దోమ మనుష్యులకు మలేరియాను తేదు. కావున మురుగును తీసివేసి, మూతలేని మంచినీటితొట్టిని మఱచిన గృహస్థుడు మలేరియా విషయమున చేసినది స్వల్పమే.

రోగకారక ప్రాణియు ఒక్కటి కాదు. మనుష్యులను బాధించునవి ఐదు రకములు. దోమ కుట్టిన పిమ్మట కొన్ని దినములు ఆ ప్రాణి రక్తములో కనబడదు. అది యెచ్చట దాగుచున్నదో రాస్ శోధనకు పిమ్మట 50 ఏండ్లవఱకు తెలియలేదు. 1948లో షార్ట్, గార్న్‌హాం అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కాలేయములో దానిని పట్టుకొనిరి. వైవాక్సు అను రకము నెలలతరబడి కాలేయమున నిద్రించి, తిరిగి లేచి జ్వరము తెచ్చును. 1954లో ఆలిసన్ అను వైద్యుడు ఆఫ్రికాయందు మఱియొక వింతను బయటపెట్టెను. రక్తకణములు కొడవలివలె వంగు వంశపారంపర్య లక్షణము తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించిన బిడ్డకు అది దారుణరోగము. ఒక్కరినుండియే సంక్రమించిన బిడ్డకు అది తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ. ఈ లక్షణము మన మన్యప్రాంతములయందలి కొన్ని తెగలలోను కలదు.

ఇన్ని భేదములు మనకెందుకు, దోమను చంపిన చాలదా యని యెవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు చరిత్రయే ప్రత్యుత్తరమిచ్చినది. డి.డి.టి. అను రసాయనపు కీటకనాశకశక్తి 1939లో కనుగొనబడిన పిదప, ఇక మలేరియా పని తీరినదని లోకమెల్ల నమ్మెను. మన దేశమున 1953లో నివారణోద్యమము, 1958లో నిర్మూలనోద్యమము ఆరంభమయ్యెను. అంతకు పూర్వము ఏటేట ఏడున్నర కోట్లమందికి వచ్చుచుండిన జ్వరము 1965 నాటికి ఒక లక్షకు దిగెను. ఈ విజయము నిజమైనదే. కాని దోమలలో మందుకు లొంగనివి బ్రతికి పెరిగెను, మందు సమయమునకు అందదయ్యెను, పట్టణపు దోమపై దృష్టి చాలదయ్యెను, కాపలా సడలెను. 1976లో జ్వరపీడితులు తిరిగి 64 లక్షలకు మించిరి. సింహళమునందు 1963లో 17 మందికి మాత్రమే వచ్చిన వ్యాధి, మందు చల్లుట మానిన పిదప 1968-69లలో లక్షలకొలది జనమును పడవేసెను. ఒక్క సత్యమును సంపూర్ణసత్యముగా భావించినందుకు ప్రజలు చెల్లించిన వెల యిది.

అట్లని, అంతయు చిక్కే గావున మానవుడు చేయగలిగిన దేమియు లేదనుట ఇంకను పెద్ద పొరపాటు. రాసునకు కాలేయపు రహస్యము తెలియదు; అయినను ఆయన చూచినది నేటికిని సత్యమే. తరువాతి జ్ఞానము దానిని రద్దు చేయలేదు, దానికి చోటు నిర్ణయించినది. క్లోరోక్విను మందునకు ప్రాణి లొంగకపోగా, చైనాదేశపు శాస్త్రవేత్రి తూ యూయూ 1972లో మాచిపత్రి జాతికి చెందిన యొక మొక్కనుండి ఆర్టెమిసినిన్ అను క్రొత్త మందును రాబట్టెను. అందులకామెకు 2015లో నోబెల్ బహుమానము వచ్చెను. ఒకమాఱు ఓడిన సింహళమే, రోగి నొక్కొక్కని వెదకి, దోమ నివాసముల నొక్కొక్కటి కనిపెట్టి, 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థచే ధ్రువపత్రము పొందెను. చిక్కును తెలిసికొని విప్పినవారికి దక్కిన ఫలమిది.

కావున విద్యార్థులకు మా మనవి యేమనగా, పాఠ్యపుస్తకమున మలేరియా దోమవలన వచ్చును అను ఒక్క వాక్యమును చదివి, అంతయు తెలిసినదని తృప్తిపడకుడు. ఉన్నతతరగతులలో ఆ వాక్యము వెనుక నూఱు భేదములు కనబడినప్పుడు, మొదటిది అబద్ధమని విసుగుకొనకుడు. ఏ దోమ, ఏ నీరు, ఏ ప్రాణి యని అడుగుడు. చెడుగాలి యను మాట అట్టి ప్రశ్నలను పుట్టనీయలేదు. దోమ యను మాట వానిని పుట్టించినది. మంచి సమాధానమునకు గుర్తు ఇదియే యని మేము తలంచుచున్నాము. తల్లిదండ్రులును, బిడ్డలు ప్రశ్నమీద ప్రశ్న వేయునప్పుడు అడ్డుపడక, ఇంటి నీటితొట్టి మూత తీసి అందేమి యీదుచున్నదో వారితోకూడ చూతురుగాక. చూచిన పిమ్మట మూత గట్టిగా మూయుటయు మఱవకుందురుగాక.