తిరుపతి ఎవరి లెక్కలో ఉంది? కొండ కింది యూనివర్సిటీల ఊరికి నీళ్లు, రోడ్లు, నిధులు ఎలా వస్తాయి

లింగంపల్లిలో సాయంత్రం నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. పగటి ప్రయాణం కావాలంటే 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే చాలామందికి ఈ దారి కొట్టిన పిండి. స్టేషన్, బస్టాండ్, అలిపిరి, ఆపై కొండ. దర్శనమయ్యాక మళ్లీ రైలు.

ఈ మధ్యలో ఒక పెద్ద ఊరుంది. ఆరు విశ్వవిద్యాలయాలు, రాయలసీమ నలుమూలల నుంచి రోగులు వచ్చే ఆసుపత్రులు ఉన్న ఊరు. అక్కడ ఇల్లున్నవాళ్లు ఒక రకం, చదువు కోసం నాలుగైదేళ్లు ఉండేవాళ్లు ఇంకో రకం, ఒకటి రెండు రోజులు ఉండి వెళ్లే యాత్రికులు మరో రకం. ముగ్గురూ అవే రోడ్ల మీద నడుస్తారు, అదే నీళ్లు వాడతారు. కానీ నగరపాలక సంస్థకు నిధుల లెక్క వేసేటప్పుడు ముందు చూసేది మొదటి రకాన్నే. తిరుపతిలో ప్రజాసేవల సమస్యలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఇన్ని యూనివర్సిటీలు ఒకే ఊరికి ఎలా వచ్చాయి?

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. శేషాచలం కొండల పాదం దగ్గర సుమారు వెయ్యి ఎకరాల క్యాంపస్ అది. తిరుమల తిరుపతి దేవస్థానం అండ దానికి మొదటి నుంచీ ఉంది. అంతకుముందే, 1945లో, దేవస్థానం ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ పెట్టింది.

ఆ తర్వాత వరుస కట్టాయి. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ. 1961లో సంస్కృత విద్యాపీఠం. ఇదే 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. 1990ల్లో స్విమ్స్ ఆసుపత్రి మొదలై, విశ్వవిద్యాలయ హోదా కూడా పొందింది. 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం, 2006లో వేద విశ్వవిద్యాలయం వచ్చాయి.

రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన హామీ ప్రకారం 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. పేరులో తిరుపతి ఉన్నా ఈ రెండింటి శాశ్వత క్యాంపస్‌లు శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గర ఉన్నాయి. అంటే నగరపాలక సంస్థ పరిధికి బయట. అక్కడి విద్యార్థికి జ్వరం పెరిగినా, రైలు పట్టుకోవాలన్నా నగరం వైపే రావాలి.

కొండ పక్కన ఉండటం వల్ల ఏమవుతుంది?

మొదటిది, ఊరు పెరగడానికి అన్ని దిక్కులూ లేవు. ఉత్తరాన శేషాచలం అడవులు గోడలా ఉన్నాయి. 2010లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రిజర్వ్‌గా ప్రకటించారు. కాబట్టి ఇళ్లు, హాస్టళ్లు, హోటళ్లు రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపు పాకాయి.

రెండోది, వాన. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటే తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. కొండ మీద కురిసిన వానలో ఒక భాగం కపిలతీర్థం లాంటి చోట్ల దూకి, ఊరి మధ్యగా దక్షిణాన స్వర్ణముఖి వైపు పోవాలి. ఆ దారిలో కాలువ సన్నబడినా, చెరువు పూడినా నీళ్లు ఇళ్లల్లోకి వస్తాయి. 2021 నవంబర్‌లో అదే జరిగింది. నడకదారి మెట్ల మీద వరద పారింది, ఘాట్ రోడ్లు మూతపడ్డాయి, నగరంలో కాలనీలు మునిగాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు.

మూడోది, తాగునీరు. వాన ఇంత ఉధృతంగా వచ్చినా అది నిలవ ఉండదు. నగరానికి కల్యాణి డ్యామ్ ఒక ఆధారం. వానలు తప్పితే అది అడుగంటుతుంది. అందుకే కృష్ణా నీరు కావాలి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా వచ్చే తెలుగు గంగ నీరు తిరుపతికి పెద్ద దిక్కు. హైదరాబాద్‌కు నాగార్జునసాగర్ నుంచి వచ్చేదీ కృష్ణా నీరే. రెండు ఊళ్లూ దూరపు నది మీద ఆధారపడ్డవే.

ఏ పనికి ఎవరు బాధ్యులు?

1886లో మున్సిపాలిటీ అయిన తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. నగర పరిధిలో నీళ్లు, చెత్త, వీధి దీపాలు, కాలువలు దాని పని. బయటి లేఅవుట్ల అనుమతులు తుడా చూస్తుంది. కొండ మీద తిరుమలలో ఎన్నికైన మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ లేదు. నీటి నుంచి చెత్త దాకా టీటీడీయే చూసుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ కూడా ఊళ్లోకే వచ్చింది. అంతకుముందు పని ఉంటే చిత్తూరు వెళ్లాలి.

చిక్కు ఎక్కడంటే, కొండ మీది రద్దీ కొండ కిందే ఆగుతుంది. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చేది రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసంలో, బస్టాండ్ దగ్గర శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో. టోకెన్ టీటీడీది. క్యూ నిలబడే వీధి ఊరిది. గుంపును అదుపు చేయాల్సింది పోలీసులు. ముగ్గురి మధ్య సమన్వయం తప్పితే ఏమవుతుందో 2025 జనవరి 8 రాత్రి చూశాం. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నగరంలో పెట్టిన కౌంటర్ల దగ్గర, బైరాగిపట్టెడలో, తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ప్రభుత్వం న్యాయ విచారణకు ఆదేశించింది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగర జనాభా మూడు లక్షల లోపే. చుట్టుపక్కల పట్టణ ప్రాంతం కలిపితే సుమారు 4.6 లక్షలు. కొండకు రోజూ వచ్చే భక్తులు మామూలు రోజుల్లోనే 60 వేల నుంచి 80 వేల మంది. అంటే నగర జనాభాలో ప్రతి నలుగురైదుగురికీ ఒకరు చొప్పున రోజూ కొత్త మనిషి వస్తున్నట్టు.

స్థానిక సంస్థల నిధుల్లో జనాభా బరువు ఎక్కువ. 15వ ఆర్థిక సంఘం ఆ నిధులను రాష్ట్రాల మధ్య పంచినప్పుడు 90 శాతం జనాభాకు, 10 శాతం విస్తీర్ణానికి ఇచ్చింది. ఆ జనాభా 2011 నాటిది. అప్పటికి ఐఐటీ లేదు, ఐసర్ లేదు. సెన్సస్‌లో హాస్టల్ విద్యార్థులను వాళ్లున్న చోటే లెక్కిస్తారు కాబట్టి వాళ్ల సంఖ్య ఎప్పుడో ఒకప్పుడు ఖాతాలో చేరుతుంది. రోజువారీ యాత్రికుడు మాత్రం ఎప్పటికీ చేరడు. ఇక నగరపాలక సంస్థకు సొంత రాబడి అంటే ముఖ్యంగా ఆస్తిపన్ను. పూజా స్థలాలకు ఆ పన్ను ఉండదు.

మరి దేవస్థానం ఇవ్వకూడదా?

కొన్నిటికి ఇస్తోంది. కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు వైపు సుమారు 7 కిలోమీటర్ల శ్రీనివాస సేతు ఫ్లైఓవర్‌ను టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ కలిసి కట్టాయి. 2023 సెప్టెంబర్‌లో అది పూర్తిగా అందుబాటులోకి వచ్చింది.

అయితే ప్రతి ఏటా ఇవ్వాలన్నప్పుడు గొడవ మొదలైంది. 2023 అక్టోబర్‌లో టీటీడీ బోర్డు తన బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. ఆ ఏడాది బడ్జెట్ సుమారు 4,411 కోట్ల రూపాయలు. ఒక శాతం అంటే 44 కోట్లు. భక్తుల కానుకలను ఊరి రోడ్లకు ఎలా వాడతారని వ్యతిరేకత వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదనను ఒప్పుకోలేదు. ఊరి పారిశుద్ధ్యానికి టీటీడీ నిధుల సంగతి హైకోర్టు దాకా వెళ్లింది.

రెండు వాదనల్లోనూ బలముంది. హుండీలో వేసిన డబ్బు ధార్మిక పనులకే పోవాలని భక్తులు కోరుకోవడం న్యాయమే. దేవస్థానం నిధులను దేనికి వాడాలో 1987 నాటి దేవాదాయ చట్టమూ చెబుతోంది. మరోవైపు భక్తుడు వదిలిన చెత్త ఎత్తేది, వాడిన నీళ్లకు కాలువ తవ్వేది ఊరివాళ్ల పన్నుతోనే. ఆ భక్తుడు మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాడూ కావచ్చు.

ఇది తిరుపతి ఒక్కదాని సమస్యేనా?

కాదు. మన ఐటీ కారిడార్‌నే చూడండి. మాదాపూర్, నానక్‌రామ్‌గూడ రోడ్లను పగలు వాడే లక్షల మందిలో చాలామంది జనాభా లెక్కల్లో ఇంకెక్కడో ఉంటారు. ఇక్కడి చాలా క్యాంపస్‌ల ఆస్తిపన్ను వసూలు చేసేది మున్సిపల్ యంత్రాంగం కాదు, టీజీఐఐసీ కింద పనిచేసే ఐలా. అందులో ఒక వాటా స్థానిక సంస్థకు వెళుతుంది. వాడేవాళ్ల దగ్గర వసూలైన పన్నులో సేవలిచ్చే సంస్థకు వాటా ఎంతో ముందే రాసి ఉంది. తిరుపతిలో అలాంటి స్థిరమైన ఏర్పాటు కుదరలేదు.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 మహాకుంభమేళా కోసం ప్రయాగ్‌రాజ్‌లో మేళా ప్రాంతాన్ని కొన్ని నెలల పాటు ప్రత్యేక జిల్లాగా ప్రకటించింది. వచ్చిపోయే జనానికీ పాలన కావాలని ఒప్పుకోవడమే అది. కుంభమేళా ఏళ్లకొకసారి వస్తుంది. తిరుపతిలో మేళా రోజూ ఉంటుంది.

ఇప్పుడు ఏం చూడాలి?

ఒకటి, కొత్త జనాభా లెక్కలు. వాటికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పదహారేళ్ల తర్వాత తిరుపతి అసలు పరిమాణం, ఏర్పేడు వైపు పెరిగిన జనం అప్పుడు కాగితం మీదికి వస్తారు.

రెండు, యాత్రికుల లెక్క. ఇది కష్టమేమీ కాదు. ఎంతమంది దర్శనం చేసుకున్నారో టీటీడీ రోజూ ప్రకటిస్తుంది. హాస్టళ్లలో ఎందరున్నారో యూనివర్సిటీలకు తెలుసు. నీటి సరఫరా, కాలువలు, మంచాల సంఖ్య ఈ మొత్తం మీద లెక్కేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలావరకు దారి దొరుకుతుంది. డబ్బు హుండీ నుంచి రావాలా, రాష్ట్ర ఖజానా నుంచి రావాలా అన్న వాదన ఆ తర్వాత చేసుకోవచ్చు. ముందు ఎంతమందికి సేవలు కావాలో ఒప్పుకోవాలి.

మూడు, వానాకాలం. 2021లో మునిగిన కాలనీల పక్క కాలువల్లో పూడిక తీశారా, ఆక్రమణలు తొలగించారా అన్నది ప్రతి జూన్‌లోనూ అడగాల్సిన ప్రశ్న. కొండ మీది వాన ఏ శాఖ పరిధి ఎక్కడ ముగుస్తుందో చూసి కురవదు.