వ్యతిరేక గురువు

జపాను భాషలో 'హన్మెన్ క్యోషి' అను పదము కలదు. తన దోషముచేతనే "ఇట్లుండరాదు" అని బోధించువాడని భావము. మనకిది నూతనము కాదు. భాగవత ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తెలిపిన ఇరువదినలుగురు గురువులలో అగ్నిలో పడిన శలభమున్నది, జిహ్వాచాపల్యమున గాలమునకు చిక్కిన మత్స్యమున్నది. భావనపాడు తీరవాసులకు గాలమును గూర్చి నేను వివరింపవలెనా! అవధూత వానిని గురువులనెను, పరిహసింపలేదు. రచ్చబండపై పతితుని పేరెత్తి నవ్వుకొనుట విద్య కాదు, వినోదము.

అంతకంటె ఘోరము మరొకటి. ఉద్దానమున మూత్రపిండవ్యాధిగ్రస్తులను చూపి "కర్మఫలము, చూచి నేర్చుకొనుడు" అనువారున్నారు. ఏమి నేర్చుకొనవలెను? వ్యాధికారణమును వైద్యులే నేటికిని నిర్ధారింపలేదు. దానిని అన్వేషించుటకే 2023లో పలాసయందు కిడ్నీ పరిశోధన కేంద్రము వెలసినది. డయాలసిస్ ముగించుకొని దర్శనమునకు వచ్చిన రోగియెదుట ఎవరైన ఆ మాట పలికినచో, తీర్థమిచ్చుట ఆపియైనను నేను వారిని వారించుచున్నాను.